గాళెవ్వ గారు

ఈ కథలో మా ఊరి భూస్వామి అమరేగౌడను నేను వచ్చాడు, అన్నాడు, పోయాడు అనే రాస్తాను. మా ఊళ్ళో అలా ఎవరూ అనరు. మనిషి ఎదురుగా లేకపోయినా, తలుపులేసుకుని సొంత ఇంట్లో మాట్లాడుకుంటున్నా 'గౌడరు వచ్చారు, గౌడరు అన్నారు' అనే అంటారు. నాకూ ఆ అలవాటే ఉండేది. ఆ ఏడు పత్తి కాలంలో అది పోయింది, మళ్ళీ రాలేదు. రావాలని నాకేం లేదు.

కన్నడ రాజ్యోత్సవం ఇంక దగ్గర పడిందనగా టీవీలో మా ఆయన పేరు చెప్పారు. కన్నడంలో రాసేవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే పెద్ద పురస్కారం ఈసారి యమనూరప్ప అనే హైస్కూలు మాస్టరుకు వచ్చిందని, కొప్పళ వైపు పల్లెవాడని, కింది కులంలో పుట్టి పైకొచ్చాడని చెప్పారు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు వార్తలు చదివే అమ్మాయి గొంతు కొంచెం తగ్గించింది. ఎవరైనా చచ్చిపోయారేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే కేరి మొదట్లో జీపు ఆగింది. కేరి అంటే మా కులంవాళ్ళ వాడ. ఊరి పెద్దిళ్ళ బళ్ళు దాని లోపలికి రావు. పని ఉంటే అక్కడే ఆగి హారను కొడతారు, మేమే పరిగెత్తాలి. ఆ రోజు హారను మోగలేదు. అమరేగౌడే దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో పూలదండ ఉంది.

"యమనూరప్ప మాస్టరు గారు ఉండారామ్మా?"

ఎవరిని అడుగుతున్నాడో నాకు వెంటనే తెలియలేదు. మొన్న ఉగాదికి ఇదే మనిషి బస్సు కాడ మా ఆయన్ను పట్టుకుని "ఏం యమన్యా, ఈ రోజు బడి లేదారా?" అన్నాడు. యమనూరప్ప అనే పేరును ఆ ఇళ్ళవాళ్ళు ఏనాడూ పూర్తిగా పలకలేదు. మా కేరి పేర్లన్నీ అంతే. దురుగప్ప దురుగ్యా అవుతాడు, మా అత్త గాళెవ్వ గాళి అవుతుంది, మైలవ్వనైన నేను మైలి అవుతాను. సగం పేరు మాకిచ్చి మిగతా సగం వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు.

"ఉండాడు. గుడ్డలు ఉతుక్కుంటాండాడు" అన్నాను.

మా ఆయన తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి దండం పెట్టాడు. "రాండి గౌడరూ, కూచోండి" అని కుర్చీ జరిపాడు. అమరేగౌడ కూర్చోలేదు. పని ఉందన్నాడు. "మన ఊరికి పేరు తెచ్చినారు మీరు" అని మెడలో దండ వేశాడు. అప్పుడే మా అత్త చేనుకు బయల్దేరుతూ, పత్తి వేసుకునే గుడ్డసంచి నడుముకు కట్టుకుంటూ బయటికొచ్చింది. ఆమెను చూసి గౌడ నవ్వాడు.

"ఏమే గాళీ, నీ కొడుకు ఎంత పెద్దోరయిపోయినారు చూసినావా? అట్లని పత్తికి రాకుండా ఉండేవు. బిరీన పోవే."

ఒకే నోరు, ఒకే ఊపిరి. కొడుకును మీరన్న నోరే తల్లిని వే అంది. అత్త నవ్వి "వస్తాండా గౌడరూ" అంది. మా ఆయనా నవ్వాడు. నాకు బియ్యంలో రాయి ఒక్కటీ కనిపించలేదు. చేట అటు విసిరేద్దామా అనిపించింది.

పురస్కారం తెచ్చిన ఆ పుస్తకం ఎవరిదో ఒక మాట చెప్పాలి. రాసింది మా ఆయనే, కాదనను. కానీ అందులో ఉన్న మాటలు అత్తవి. అత్త రొట్టెలు కొడుతూ మాట్లాడుతుంటే ఆయన పక్కన పీట వేసుకుని వినేవాడు. తల్లిని అవ్వా అనే పిలుస్తాడు, మా వైపు అందరం అలాగే అంటాం. "అవ్వా, ఆ మాట ఇంకోసారి చెప్పు" అని అడిగేవాడు. చిన్నప్పుడు సందె వేళ పెద్దిళ్ళలో దీపాలు వెలిగి, అక్కణ్ణించి తాళింపు వాసన వచ్చినప్పుడు కేరిలో పిల్లలకు వేసే ఆకలికి అత్త 'దీపాల ఆకలి' అని పేరు పెట్టింది. అలాంటివి ఆమె నోట్లో ఎన్నో. అత్తకు చదువు రాదు. తన మాట పుస్తకంలో ఉందంటే "నా మాటకు పనేం లేదా, ఆడికి పోయి కూచునింది" అని నవ్వేది.

పురస్కారం ఇచ్చే రోజు ముగ్గురం బెంగళూరు పోయాం. పెద్ద హాలు, ఎరుపు పసుపు జెండాలు, చల్లని గాలి. అక్కడ పనిచేసే ఒక చిన్న అమ్మాయి అత్త దగ్గరకొచ్చి, "అమ్మా, మీరు ఇక్కడ ముందు వరసలో కూర్చోండి" అంది.

అత్త వెనక్కి తిరిగి చూసింది. వెనకెవరూ లేరు.

"ఎవర్ని అంటాందే?" అని నన్ను అడిగింది.

"నిన్నే అత్తా."

"నేనొకదాన్నే కదా ఉండేది. మీరు అంటాదేం?"

ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత నాకు నవ్వు ఆగిపోయింది. తల నెరిసి, నడుము వంగి, మనవల వయసున్న పెద్దిళ్ళ పిల్లకాయల చేత కూడా వే అనిపించుకున్న మనిషి ఈమె. మీరు అంటే నలుగురున్నారేమో అని వెతుక్కుంటోంది.

వేదిక మీద ఎవరో పెద్దాయన 'దీపాల ఆకలి' అనే మాటను రెండుసార్లు చదివి, కన్నడానికి యమనూరప్ప గారు ఇచ్చిన కానుక ఇది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త కూడా కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆమె పురస్కారం సంగతి ఎవరికీ చెప్పలేదు. పక్క సీటామెకు చెప్పింది ఒకటే. "మీరు కూచోండి అనె ఆ బిడ్డ. నన్నే. మీరు అనె." ఆమె దిగిపోయాక ఆ సీట్లోకి వచ్చినామెకూ చెప్పింది.

నేను ఆ రైల్లోనే అనుకున్నాను. ఈ మనిషిని ఒక్కసారి మా ఊళ్ళో, మా ఊరి వాళ్ళ ముందర, అదే అమరేగౌడ నోటితో మీరు అనిపించాలి. నాకు శాలువా వద్దు, దండ వద్దు. ఆ ఒక్క మాట కావాలి.

మేము ఊరు చేరిన వారానికి అమరేగౌడ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. బడి మైదానంలో పౌరసన్మానం చేస్తామన్నాడు. ట్రాక్టరు మీద ఊరేగింపు, తలకు మైసూరు పేటా, డొళ్ళు వాయించేవాళ్ళు, ఊరందరికీ మిర్చి బజ్జీలు, బొరుగులు. నేను టీ పెట్టాను. వాళ్ళు తమతో తెచ్చుకున్న సీసా నీళ్ళు తాగుతూ, టీ అలవాటు మానేశామన్నారు. ముగ్గురూ ఒకే రోజు మానేసినట్టున్నారు.

"ఒక మాట గౌడరూ" అన్నాను. అప్పటికింకా రూ అనేదాన్నే. "మా అత్తకు వేదిక మీద కుర్చీ వేయాల. పేరు పూర్తిగా చెప్పి, మీరు అని పిలవాల."

ఆ ఇద్దరు పెద్దమనుషులూ మొహాలు చూసుకున్నారు. అమరేగౌడ నవ్వాడు. "కుర్చీనే కదా, వేద్దాం లేమ్మా. గాళి మా చేలల్లో పెరిగిన మనిషి. మా ఇంటి మనిషి మాదిరి."

"ఇంటి మనిషి అయితే మీ అమ్మగారిని అన్నట్టే అనండి."

"మైలా" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో కసురు ఉంది. వాళ్ళు పోయాక నా మీద విరుచుకుపడ్డాడు. "ఆయన నోరు అట్ల అలవాటు పడింది. వయసులో పెద్దాయన. ఇప్పుడు మార్చుకోమంటే ఎట్ల మారుతాది?"

"నీ కాడ ఒక్క పూటలో మారె కదా ఆ నోరు."

ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, నా పక్కన కూర్చున్నాడు. "సరే, నేను చూసుకుంటా. వేదిక మీద అవ్వను అట్ల పిలవనిస్తానా? నా పుస్తకమంతా ఉండేది అదే కదా మైలా." నేను నమ్మాను. ఆ పుస్తకం చదివిన వాళ్ళెవరైనా నమ్ముతారు. తల్లిని తిట్టిన వాడి గొంతు పట్టుకునే కొడుకు అందులో ఉన్నాడు.

సన్మానం రోజున పత్తి కాయలు పగిలి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. ఊరంతా పత్తి వదిలేసి మైదానంలో చేరింది. ట్రాక్టరు మీద మా ఆయన పేటా కట్టుకుని నిలబడితే కేరి పిల్లలు ఈలలు వేశారు. అబద్ధం ఎందుకు, నాకూ గుండె నిండింది. పెద్దిళ్ళ వీధిలోంచి ట్రాక్టరు పోయింది. ఆ వీధిలో మా మామ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

వేదిక మీద కుర్చీ వేశారు. మాట తప్పలేదు. కాకపోతే అది చివర, మైకు సెట్టు పక్కన, వెనక్కి జరిపి వేశారు. మిగతావన్నీ మెత్తలు కుట్టినవి, ఇది ప్లాస్టిక్కుది. అత్త కొత్త ఇలకల్ చీర కట్టుకుని దాని అంచున కూర్చుంది. నేను కింద, ఆడవాళ్ళ వరసలో ముందున్నాను.

అమరేగౌడ మైకు పట్టుకున్నాడు. యమనూరప్ప గారు ఈ మట్టిలో పుట్టారన్నాడు, వారి కలం మన కన్నడానికి కిరీటం పెట్టిందన్నాడు, వారిని చూస్తే తనకు ఛాతీ ఉబ్బుతోందన్నాడు. తరవాత అతను పక్కకు తిరిగాడు.

"ఇంగ వీళ్ళమ్మ. మన గాళి. ఏమే గాళీ, ఆ మూలన దాక్కున్నావేం? లేవే. లేసి అందరికీ దండం పెట్టు."

జనం నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, ప్రేమగానే నవ్వారు. అది ఇంకా మండింది నాకు. అత్త గబుక్కున లేచి, చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడితే తూలి, నిలదొక్కుకుని అందరికీ దండం పెట్టింది.

నేను మా ఆయన్ను చూశాను. ఆయన నవ్వుతున్నాడు. ఒక చేత్తో పేటా సరిచేసుకుంటున్నాడు.

ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. ఆయన మాట్లాడే వంతు వచ్చింది. చక్కగా మాట్లాడాడు, ఆయనకు నోరుంది. కన్నడం నాకు తల్లి అన్నాడు. నా తల్లిని ఎవరైనా తక్కువ చేస్తే నా కలం ఊరుకోదు అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అసలు తల్లి ఆయన వెనకే ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఆమె వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. చివరకు "ఇంత గౌరవం చేసిన పూజ్యులు అమరేగౌడరికి" అని కృతజ్ఞతలు చెప్పి, వంగి ఆ మనిషి కాళ్ళు తాకాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. గౌడ మీద కాదు. గౌడ ఎప్పుడూ గౌడే.

ఫోటోకని ఇంటివాళ్ళను పైకి పిలిచారు. నేను ఎక్కాను. మధ్యలో అమరేగౌడ, ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క పెద్దమనుషులు. అత్తను వెనక్కి నెట్టేశారు. ఆమె జుట్టు ముడి ఒకటే కనిపిస్తోంది. ఫోటో తీసేవాడు ఏదో సైగ చేస్తున్నాడు, ఎవరూ పట్టించుకోవడం లేదు. మైకు నా పక్కనే ఉంది. నేను దాన్ని తీసుకున్నాను.

"అమరేగౌడా, నువ్వు రవంత పక్కకు జరుగు. గాళెవ్వ గారు కనపడటం లేదు."

అరవలేదు. మామూలుగానే అన్నాను. మైకు కాబట్టి మైదానం చివరి దాకా వినిపించింది.

డొళ్ళు వాయించేవాళ్ళు కూడా ఆగిపోయారు. అమరేగౌడ నా వైపు చూశాడు. మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. ఒక అడుగు పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియదనుకుంటాను. నేను అత్త చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, "మీరు ఇక్కడ నిలబడండి" అన్నాను. ఫోటో తీసేవాడు భయంతోనో ఏమో నొక్కేశాడు.

ఆ తరవాత బజ్జీలు ఎవరు తిన్నారో నాకు తెలియదు.

ఇంటికొచ్చి మా ఆయన పేటా మంచం మీద పడేశాడు. "నా పరువు తీసినావు. రాష్ట్రమంతా నన్ను నెత్తిన పెట్టుకుంటే నువ్వు సొంత ఊళ్ళో కింద పడేసినావు."

"నిన్ను నేనేమన్నాను? నిన్ను మీరనే అన్నారు కదా అందరూ. మీ అవ్వను వే అంటే నవ్వుకుంటా కూచున్నావు."

"నవ్వు కాదు అది. సభలో ఏం చేయాల నేను?"

"నీ పుస్తకంలో వాడు ఏం చేసినాడో అది."

"అది కథ మైలా."

ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అయింది కాబోలు, బయటికి పోయాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

మర్నాడు గౌడ మనిషి వచ్చి, కేరి ఆడవాళ్ళెవరూ పత్తికి రానక్కర్లేదని చెప్పి పోయాడు. పక్కింటి హనుమవ్వ మా గుమ్మం ముందర నిలబడి నన్ను కడిగేసింది. "నీకేం తల్లీ, మొగునికి జీతం వస్తాది. నీ ఒక్క మాటకు మా అందరి నోట్లో మన్ను కొట్టినావు." ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

అత్త లోపలి నుంచి వచ్చింది. "ఉండు హనుమీ. చేనంతా పగిలుండాది. ఇంకో గాలి కొడితే పత్తంతా నేలపాలే. ఎవరు తీస్తారు, ఆయప్ప పెండ్లాం తీస్తాదా? నాలుగు దినాలు ఓర్చుకోండి. వాడే వస్తాడు."

వాడు అంది. నేను విన్నాను, హనుమవ్వా విన్నది. హనుమవ్వ ఇంకేదో అనబోయి, అత్త మొహం చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ పోయింది. ఆ రోజు నుంచి కేరిలో ఆడవాళ్ళు తిట్టడం మానలేదు కానీ ఒక్కరూ గౌడ ఇంటికి పోలేదు. బావి దగ్గర, బట్టలుతికే బండ దగ్గర అందరిదీ ఒకటే ఆట అయిపోయింది. "అమరేగౌడా, రవంత జరుగు" అనుకోవడం, పడి పడి నవ్వడం.

ఓర్చుకోలేనిది మా ఆయన ఒక్కడే. బళ్ళో తోటి మాస్టర్లు అడుగుతున్నారట. పేపర్లో రాస్తారేమో అని భయం. ఒక ఆదివారం పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, బెంగళూరులో కప్పిన శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఎటో పోయాడు. ఎటు పోయాడో నాకు తెలుసు. అత్తకూ తెలుసు. బయట గాలి మొదలైంది. చేల వైపు నుంచి పత్తి పింజలు ఎగిరొచ్చి మా వాకిట్లో పడుతున్నాయి.

అన్నం వేళకు వచ్చాడు. మొహం తేలికపడి ఉంది. చంకలో శాలువా లేదు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అత్త రొట్టె కొడుతోంది.

"అంతా సర్దుకునింది" అన్నాడు.

"పోయి ఏం చెప్పినావురా?" అత్త రొట్టె మీద నుంచి కళ్ళెత్తలేదు.

"ఆడది, తెలీక అనింది, మన్నించండి అన్నా. మా అవ్వ ఏం అనుకోలేదు, ఆమెకు మీరు ఎట్ల పిలిచినా సంతోషమే అని చెప్పినా."

"నేను చెప్పినానా నీకు అట్లని?"

"సర్దుబాటుకు అన్నాలే అవ్వా."

"ఆయప్పేమన్నాడు?"

మా ఆయన నవ్వాడు. ఇన్ని రోజుల తరవాత మొదటిసారి మనసారా నవ్వాడు. "ఏం అనలేదు. భుజం మీద చెయ్యేసినారు. 'పోనీలే యమన్యా, ఆడదాని మాటకు మనం మనం కొట్టుకుంటామారా' అన్నారు. అరుగు మీద కూచోబెట్టి కాఫీ ఇప్పించినారు. రేపటి నుంచి అందర్నీ పత్తికి పంపమన్నారు."

యమన్యా అన్నాడట. తన నోటితోనే చెప్పాడు, తన చెవికి వినపడలేదు.

అత్త చెయ్యి రొట్టె మీద ఆగింది. మళ్ళీ కొట్టింది. పెనం మీద వేసి, నీళ్ళతో తడిపి, తిరగేసి, పొంగిన రొట్టెను తీసి కంచంలో పెట్టింది. పక్కన శనగకాయల పొడి వేసి, నూనె పోసి, కంచం కొడుకు ముందుకు జరిపింది. చేతులు తుడుచుకుంది.

"తినండి మాస్టరు గారూ. చల్లారిపోతాది."

ఆయన సరదా అనుకుని నవ్వాడు. "ఏందవ్వా ఇది?"

"మీకు పప్పు వేయాల్నా?"

ఆయన నా వైపు చూశాడు. నేను నీళ్ళ చెంబు కోసం అటు తిరిగాను. మా కేరిలో కన్నతల్లినీ, కొలిచే హులిగెమ్మనూ నువ్వనే అంటాం. మీరు అనేది బయటివాళ్ళను, భయపడేవాళ్ళను. అది ఆయనకు నేను చెప్పాలా, పుస్తకంలో రాసిందే ఆయన.

"అవ్వా, నన్ను అట్ల పిలవొద్దు" అన్నాడు.

"ఇంకెట్ల పిలవాల? యమన్యా అని వాళ్ళు పిలుచుకుంటాండారు. నేను రా అంటే నా కొడుకని నాకు అనిపిస్తాది." అత్త ఇంకో ముద్ద పిండి తీసుకుంది. "మీరు తినండి."

మా ఆయన ఆ రొట్టె తినలేదు. కంచం ముందు చాలాసేపు కూర్చుని లేచిపోయాడు. అత్త పిలవలేదు. ఆ తరవాత ఆయన ఇంకో పుస్తకం రాశాడు, దాన్ని కూడా మెచ్చుకున్నారు. అత్త పొయ్యి పక్కన ఆయన పీట ఖాళీగానే ఉంది. ఈ రోజు పొద్దున కూడా ఆమె వాకిట్లోంచే అడిగింది, మీరు నీళ్ళు పోసుకుంటారా అని.